అట్టముక్క ఆగిన పేజీ

జూన్ 12

ఒసే చెల్లీ,

ఫోనులో అయితే మూడో నిమిషానికి కొట్లాట, నాలుగో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టెయ్యడం. ఇకమీదట ఉత్తరాలే రాసుకుందామని నువ్వన్న మాట నాకు నచ్చింది. కాగితం మీద తిట్టాలంటే ముందు పెన్ను వెతుక్కోవాలి, ఆ లోపల సగం కోపం దిగిపోతుంది.

పిట్టకి ఆరు పుస్తకాలు పంపుతున్నాను. నీ కూతురికి పదకొండు నిండాయి కదా, పుస్తకాల విషయంలో ఇది గడ్డు వయసు. బొమ్మల పుస్తకం ఇస్తే నేనేమన్నా చిన్నపిల్లనా అంటారు. పెద్ద పుస్తకం ఇస్తే చేత్తో బరువు చూసి పక్కన పెడతారు. ఆ రెంటికీ మధ్య ఏముందో వెతకడమే ఈ బడి లైబ్రరీలో పంతొమ్మిదేళ్ళుగా నా పని. మా హెడ్మిస్ట్రెస్ ఏమో ప్రతి కథ చివరా "కాబట్టి పిల్లలూ" అని ఉన్న పుస్తకాలే కొనమంటుంది. ఆ "కాబట్టి" కనపడగానే పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తారని ఆవిడకి ఎంత చెప్పినా ఎక్కదు.

నా పద్ధతి నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. నేను పిల్లల్ని బాగుందా అని అడగను. అడిగితే బాగుందనే అంటారు, పాపం టీచర్ బాధపడుతుందని. ప్రతి పుస్తకంలో ఒక గులాబీ రంగు అట్టముక్క పెట్టి ఇస్తాను. చదవడం ఎక్కడ మానేస్తే దాన్ని అక్కడ వదిలెయ్యమంటాను. ముప్ఫయ్యో పేజీ లోపల ఆగిందంటే తప్పు పిల్లది కాదు, ఎంచిన నాది. చివరి పేజీలో ఉంటే నేను గెలిచినట్టు.

పిట్ట పుస్తకాల్లో కూడా అట్టముక్కలు పెట్టాను. తిరిగి పంపేటప్పుడు వాటిని కదపకు. పెద్దమ్మ పంపింది పూర్తి చెయ్యమని దాని నెత్తిన కూర్చోకు. నీకు ఈ పుస్తకాల గొడవ తెలీదు కాబట్టి ఇంతగా చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దు.

మా మరిది నడుం నొప్పి తగ్గిందా?

మీ అక్క

జూలై 9

అక్కా,

ఏమీ అనుకోవద్దు అని రాశాక కూడా అనుకోవడం నా స్వభావం, అది నీకు తెలుసు. సరే, పోనీ.

ఆరు పుస్తకాలూ తిరుగు పార్సెల్లో పెట్టాను. అట్టముక్కలు ఆగినచోటే ఉన్నాయి. మీ మరిది నడుం బాగానే ఉంది, పని చెప్పినప్పుడే నొప్పి పుడుతోంది.

పిట్టకి నీ పార్సెల్ అంటే పండగే. పెద్దమ్మ దస్తూరీ ఎంత గుండ్రంగా ఉందో, పెద్దమ్మ కాగితం ఎంత బాగా చుట్టిందో అని ఇల్లంతా తిరుగుతూ చెబుతుంది. రోజూ జడ వేసేదాన్ని, జ్వరం వస్తే పక్కన కూర్చునేదాన్ని నేను. రెండేళ్ళకోసారి కనపడి తిరునాళ్ళలో బొమ్మలా మెరిసిపోయేదానివి నువ్వు. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే మరి.

బడి వదిలాక అది నేరుగా మా కళ్ళజోళ్ళ షాపుకి వస్తుంది. నాకు పని అయ్యేదాకా పక్కన మెట్ల కింద ఉన్న జిరాక్సు షాపులో కూర్చుంటుంది. ఆ జిరాక్సు ఆవిడ దగ్గర కూడా పుస్తకాలున్నాయి. జనం జిరాక్సు తీయించుకోవడానికి ఇచ్చి మరిచిపోయినవి. ఏళ్ళ తరబడి ఎవరూ రాకపోతే వాటిని అట్టపెట్టెలో వేసి నేలమీద పెట్టింది. పిట్ట ఆ పెట్టెలో తల దూర్చి కూర్చుంటుంది.

షాపులో ఈమధ్య గిరాకీ బాగుంది. నలభై దాటిన వాళ్ళంతా ఒక్కసారే అక్షరాలు కనపడటం లేదని వస్తున్నారు. నాకూ కళ్ళజోడు వచ్చింది.

చెల్లి

జూలై 17

చెల్లీ,

నీ పార్సెల్ విప్పి అట్టముక్కలు ఒక్కోటీ చూశాను. ఆరింటిలో నాలుగు చివరిదాకా చదివింది. గ్రహాల పుస్తకం పద్దెనిమిదో పేజీలో ఆపింది, మాట్లాడే ఏనుగు కథ ఏడో పేజీలోనే. ఓడలో ఒంటరిగా ప్రయాణం చేసే పిల్ల కథ రెండుసార్లు చదివినట్టుంది. మధ్యలో టీ కప్పు మరక రెండు చోట్ల ఉంది, ఒకచోట మీ షాపు చీటీ కూడా దొరికింది. నీ పక్కనే స్టూలు మీద కూర్చుని చదువుతుందన్నమాట.

నీ కూతురి అభిరుచి నాకిప్పుడు అద్దంలా కనిపిస్తోంది. మాట్లాడే జంతువులు దానికి నచ్చవు. ఇల్లు దాటి వెళ్ళే ఆడపిల్లలు, మనసులో మాట బయటికి చెప్పని పిల్లలు, అక్కాచెల్లెళ్ళ తగాదాలు కావాలి. పదకొండేళ్ళ పిల్ల ఇంత నింపాదిగా, ఇంత లోతుగా చదవడం నేను చూడలేదు. మా బడిలో నాలుగు వందల మంది ఉన్నారు, ఒక్కరు లేరు ఇలాంటివాళ్ళు.

ఆ జిరాక్సు ఆవిడ ఎవరే? జనం పారేసిన పుస్తకాలు పిల్లకి పడెయ్యడమేమిటి? అందులో ఏముందో ఎవరికి తెలుసు, దయ్యాలో, చెత్త జోకులో. నేను ఒక్కో పుస్తకం రెండుసార్లు చదివి ఎంచి పంపుతుంటే, నేలమీద పెట్టెతో నాకు పోటీయా? నవ్వుకుంటే నవ్వుకో. నాకు ఒళ్ళు మండింది.

అసలు సంగతి. వచ్చే ఏడు పిట్టని ఇక్కడ మా బడిలో వెయ్యండి. నా దగ్గరే ఉంటుంది. బడి వదిలాక లైబ్రరీలో నా బల్ల దగ్గర కూర్చుంటుంది. అలాంటి చదువు ఉన్న పిల్లని మెట్ల కింద వదిలెయ్యడం పాపం. మీ ఆయనతో మాట్లాడి రాయి.

అక్క

జూలై 30

అక్కా,

మాట్లాడటానికి ఏమీ లేదు. పిల్లని పంపను.

నువ్వు ఇలా అడుగుతావని ఎక్కడో అనుకుంటూనే ఉన్నాను. పుస్తకం పంపడం, కాగితం చుట్టడం, గుండ్రంగా పేరు రాయడం, ఆ తర్వాత పిల్లని పట్టుకుపోవడం. ఉన్నది ఒక్కర్తి నాకు. అది పెద్దమ్మ అన్నప్పుడల్లా నా కడుపు ఎలా మండుతుందో నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. నాకు కుళ్ళే, ఉంటే తప్పేంటి?

నీకు పుస్తకాల గొడవ తెలీదు అని రాశావు. ఎలా తెలుస్తుంది? మన వీధి చివర లైబ్రరీ గుర్తుందా? నాకప్పుడు పిట్ట వయసే. పుస్తకాలు తెచ్చుకోవడానికి నాన్న టికెట్టు తెస్తే నీ దగ్గరికి పోయింది. ఇంటికి ఒకటే ఇస్తారని విన్నాను. పెద్దది చదువుతుంది, చిన్నదానికి చేతిపని బాగా వచ్చు అన్నాడు నాన్న. అంతే, నా చేతికి సూది, నీ చేతికి పుస్తకం. నువ్వు సాయంత్రం తెచ్చేదానివి, పొద్దున్నే ఇచ్చేసేదానివి. అట్ట మీది బొమ్మ చూడటమే నాకు దక్కేది. లోపల ఏముందే అని అడిగితే నీకు అర్థం కాదులే అనేదానివి. అప్పటినుంచి చదివేది నువ్వు, జోడు తుడిచేది నేను.

జిరాక్సు ఆవిడ మీద నీకు మంట అయితే, నీ మీద నాకు మంట. ఇద్దరం సరిపోయాం.

చెల్లి

ఆగస్టు 8

చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకూ చదవాలని ఉండేదని నాకు తెలీదని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను.

నా సంగతి కూడా విను. రోజూ సాయంత్రం బెల్లు కొట్టగానే నాలుగు వందల మంది పిల్లలు అమ్మా అంటూ గేటు వైపు పరుగెత్తుతారు. ఒక్కళ్ళు వెనక్కి తిరిగి చూడరు. నేను కుర్చీలు సర్ది, ఫ్యాన్లు ఆపి, తాళం వేసుకుని రావాలి. అందుకే నీ ఇంట్లో ఒక పిల్ల నా కాగితం చూసి గంతులేస్తుందంటే ప్రాణం లేచొచ్చింది. నీకు రోజూ ఉన్నది నాకు ఎప్పుడో ఒక పార్సెల్లో వస్తే నీకంత మంటేంటే?

పిల్లని పంపకపోతే మానెయ్యి. కానీ దసరా సెలవులకి పదిరోజులు పంపు, దానికి కారణం ఉంది. ఈ ఏడు పది పన్నెండేళ్ళ వాళ్ళకి కొత్తగా నలభై పుస్తకాలు కొనే పని నా నెత్తిన పడింది. హెడ్మిస్ట్రెస్ తన "కాబట్టి" పుస్తకాల పట్టీ ఇచ్చింది. నేను మీటింగులో లేచి నిలబడ్డాను. నా చెల్లెలి కూతురు పదకొండేళ్ళది, దాని అట్టముక్కలు నా దగ్గరున్నాయి, ఆ వయసు పిల్లలకి ఏం నచ్చుతుందో అవి చెబుతాయి, వాటి ప్రకారమే కొంటానని చెప్పాను. తప్పయితే వచ్చే ఏడు ఎంచే పని ఆవిడకే వదిలేస్తానన్నాను. నలభై పుస్తకాలూ పిట్టకి నచ్చే రకమే చూసి తెప్పిస్తున్నాను. సెలవుల్లోనూ మా లైబ్రరీ తెరిచే ఉంటుంది, పిట్ట వచ్చి మా పిల్లల ముందు నాలుగు మాటలు చెబితే చాలు.

అక్క

ఆగస్టు 19

అక్కా,

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు చేశావు. నేను ముందే చెప్పి ఉండాల్సింది. కుర్చీలో కూర్చుని చదువు.

పిట్ట నీ పుస్తకాల్లో ఒక్కటి కూడా చదవలేదు. ఆ అట్టముక్కలన్నీ నావి.

పార్సెల్ వచ్చిన రోజు అది ఓడ పుస్తకం తెరిచి తొమ్మిదో పేజీ దాకా చదివింది. బాగుందమ్మా అని మూసి, కిందికి జిరాక్సు షాపుకి పరుగెత్తింది. అంత ఇష్టంగా పంపితే చదవదేమని నాకు కోపం వచ్చింది. నా కూతురితో నాకు తెలీకుండా నువ్వేం మాట్లాడుతున్నావో చూద్దామనే కుళ్ళు కూడా ఉంది, దాచను. మర్నాడు షాపులో గిరాకీ లేని మధ్యాహ్నం తీశాను. ఓడ రేవు దాటేసరికి ఎవరో వచ్చి జోడు కావాలన్నారు. స్కేలు పెట్టి ముక్కు కొలుస్తున్నానే గానీ మనసంతా ఆ పిల్ల మీదే ఉంది. ఆయనకి ఎడమ కన్ను అద్దం కుడికి పెట్టేశాను.

అలా నాలుగు పూర్తి చేశాను. ఏనుగు కథ నాకు చిన్నపిల్లల గోలలా అనిపించింది, ఆపేశాను. ఓడ పుస్తకం మళ్ళీ చదివాను. అట్టముక్కలు నేను ఆపినచోటే పెట్టి పంపాను. చదవలేదని తెలిస్తే నువ్వు పంపడం మానేస్తావు. అప్పుడు నాకు పుస్తకాలుండవు.

మిగతా విషయం కూడా చెబుతాను. ఎంత నింపాదిగా, ఎంత లోతుగా చదివిందో అని నువ్వు రాసిన ఉత్తరం నా పర్సులో ఉంది. నా జన్మలో నన్నెవరూ అలా అనలేదు. అది నా గురించి అని నీకు తెలీదు, నాకు తెలుసు. అదే ఉత్తరంలో నా కూతుర్ని అడిగావు. నా చదువు చూసి నా పిల్లని అడిగావు అక్కా. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను.

పిట్ట ఏం చదువుతుందో కూడా విను, ఎందుకంటే దాని మీద నాకూ మంటే. పురుగుల గురించి అట్ట లేని లావు పుస్తకం, మోటారు సైకిలు విప్పి బిగించే పుస్తకం, సగం పేజీలు పోయిన దయ్యం కథ ఒకటి. పోయిన సగం అదీ ఇంకో ఇద్దరు పిల్లలూ కలిసి తలా ఒక రకంగా చెప్పుకుంటారు. జోకుల పుస్తకం తీస్తే నేలమీద పడి నవ్వుతారు. జిరాక్సు ఆవిడ ఏమీ ఎంచదు, ఏమీ అడగదు. చిరిగిన పేజీ కనపడితే అతికించి పెట్టండి అంటుంది, అంతే. నా కూతురు నా దగ్గర అలా నవ్వగా నేను చూడలేదు. మెట్ల మీద నిలబడి ఆ నవ్వు వింటుంటే, వెళ్ళి ఆ పెట్టె మూసెయ్యాలనిపిస్తుంది.

నలభై పుస్తకాలూ వెనక్కి పంపేసెయ్. నన్ను తిట్టు.

చెల్లి

సెప్టెంబరు 14

చెల్లీ,

పంపడం కుదరలేదు, నీ ఉత్తరం వచ్చేటప్పటికే పుస్తకాలకి ముద్రలు పడిపోయాయి.

ఏం జరిగిందో చెబుతాను. మూడు వారాల్లో అట్టముక్కలు వచ్చేశాయి. పన్నెండో పేజీ, తొమ్మిదో పేజీ, ఇరవయ్యో పేజీ. ఒక అబ్బాయి అయితే మొదటి పేజీలోనే పెట్టి ఇచ్చేశాడు, నిజాయితీగా. ఇద్దరమ్మాయిలు మాత్రం చివరిదాకా వెళ్ళారు. ఆ తర్వాత మా కుట్టుపని టీచరు వచ్చి నాలుగు పట్టుకెళ్ళింది, అన్నీ పూర్తి చేసి ఇంకా ఉన్నాయా అంది. ఆవిడకి నలభై మూడు. హెడ్మిస్ట్రెస్ ఆ అట్టముక్కలు చూసింది. నా బల్ల మీద తన పట్టీ మళ్ళీ పెట్టి వెళ్ళింది, అది చాలు.

నీ మీద కోపం రాలేదని అనను. వారం రోజులు వచ్చింది. నాలుగు వందల మందిలో ఒకరిని గుర్తుపట్టగలనని గర్వపడ్డాను, చివరికి పిల్లకీ తల్లికీ తేడా తెలుసుకోలేకపోయాను. ఆ తర్వాత ఆ కోపమూ పోయింది. చిన్నప్పుడు నేను ఎవరినైతే మన వీధి చివర లైబ్రరీలోకి రాకుండా ఆపానో, ఆ మనిషే నాకు దొరికిన మంచి పాఠకురాలు. ఎలా ఆపానో నీకు తెలీదు. చెబుతున్నాను.

టికెట్టు ఇంటికి ఒకటి కాదు. నాన్న రెండు తెచ్చాడు. ఒకదాని మీద నా పేరు, రెండోదాని మీద నీ పేరు. నువ్వు పెరట్లో ఉన్నావు. గుమ్మంలోనే రెండూ అందుకుని, దానికి కథలంటే విసుగు నాన్నా, సూదీ దారం ఇస్తే సంతోషంగా ఉంటుంది, రెండూ నా దగ్గరుంచుతా అన్నాను. నాన్న నమ్మాడు. చిన్నదానికి చేతిపని వచ్చు అన్నది ఆయన మాట కాదు, నేను అందించినది. ఇంటికొకటే ఇస్తారని నీకు చెప్పిందీ నేనే.

ఎందుకంటావా? ఇంటికి ఎవరొచ్చినా ముందు నిన్నే పిలిచేవాళ్ళు. నువ్వు నవ్వితే నాన్న కొట్టబోయిన చెయ్యి దించేసేవాడు. నాకు ఆ నవ్వు లేదు. పుస్తకాలొక్కటే నావి. అందులోకి కూడా నువ్వు వచ్చేస్తే నాకేం మిగులుతుందనుకున్నాను. నాలుగేళ్ళు నీ టికెట్టు మీద చదివాను. నాన్న పోయేదాకా ఆయనకీ చెప్పలేదు.

ఆ నాలుగేళ్ళ చదువు మీదే ఈ ఉద్యోగం వచ్చింది. క్షమించమని అడగడానికి ముఖం చెల్లక ఇలా ఉట్టిగా రాసేస్తున్నాను.

అక్క

అక్టోబరు 1

అక్కా,

నీ ఉత్తరం షాపులో నిలబడి చదివాను. ఎదురుగా ఒక పెద్దాయన జోడు కోసం చెయ్యి చాపి ఉన్నాడు. ఎంతసేపు చాపాడో తెలీదు.

పది రోజులు పెన్ను ముట్టుకోలేదు. ఫోను ఒకసారి తీశాను, మూడో నిమిషం దాకా ఆగనని తెలిసి పెట్టేశాను. క్షమించానని రాయను. రాస్తే అబద్ధం. సూది గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నువ్వు కిటికీ దగ్గర కూర్చుని పేజీ తిప్పే చప్పుడు వినపడేది నాకు. అందులో సగం పేజీలు నావని ఇప్పుడు తెలిసింది.

పిట్ట సెలవులకి వస్తుంది. నేనూ వస్తాను, కాబట్టి పట్టుకుపోతావనే భయం లేదు. జిరాక్సు ఆవిడని అడిగాను, ఒక పెట్టె పుస్తకాలు ఇస్తానంది. వాటిని బీరువాలో పెట్టకు, నంబర్లు వెయ్యకు. లైబ్రరీ మధ్యలో నేలమీద పొయ్యి. పిట్టని మీ పిల్లల ముందు నిలబెట్టి మాట్లాడించకు, వాళ్ళతోపాటు కూర్చోనివ్వు. నువ్వు తలుపు దగ్గర నిలబడి ఎవరు దేనికి నవ్వుతున్నారో చూడు. హెడ్మిస్ట్రెస్ వస్తే నేను మాట్లాడతాను. నాన్న చెయ్యి దించిన నవ్వు ఒకటుంది కదా నాకు.

నువ్వు అక్కడ కుళ్ళుకుంటావు, నేనూ నీ పక్కన నిలబడి కుళ్ళుకుంటాను.

వచ్చేలోపు ఒక పని చెయ్యి. నా టికెట్టు మీద నువ్వు ఆ నాలుగేళ్ళు ఏమేం చదివావో గుర్తు తెచ్చుకుని రాయి. ఒక్కటి కూడా వదలకు. నచ్చినవీ, నచ్చనివీ, మధ్యలో ఆపేసినవీ. అన్నీ వెతికి పంపు, వరుసగా. నువ్వు ఎంచకు. అవి నాన్న నాకు తెచ్చినవి.

నీ చెల్లి